‘జరిగిన’ కథా, ‘జరిగినట్టు’ చూపిన కథా?

సందేహం: బ్రిటన్‌లోని రీడింగ్ పట్టణం నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. ‘‘బీబీసీ వారి ‘షెర్లాక్’ ధారావాహికలో 2016 జనవరి 1న ప్రసారమైన ‘ది అబామినబుల్ బ్రైడ్’ను చూసి అభిమానులు ఏమన్నారో వివరిస్తూ తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో ‘ఇది 1895లో జరిగిన పీరియాడిక్ ఎపిసోడ్. దీనికి అభిమానుల నుంచి మిశ్రమ ప్రతిస్పందన లభించింది’ అని రాశాను. మా నాన్నగారు ‘పీరియాడిక్’ను కొట్టివేసి ‘చారిత్రక’ అని దిద్దారు. ‘ప్రతిస్పందన’ వద్దు, ‘స్పందన’ చాలన్నారు. ఆ భాగాన్ని చూసిన నా స్నేహితురాలు మాత్రం ‘జరిగిన’ అన్న మాటే తప్పని వాదిస్తోంది. ఎవరి మాట సరైనది?’’

సమాధానం: మీ నాన్నగారి దిద్దుబాట్లలో ఒకటి సగం సరైనది, రెండోది పూర్తిగా సరైనది. అయితే అసలు కీలకాన్ని పట్టుకున్నది మీ స్నేహితురాలు. ఆమె అభ్యంతరంలో తెలుగు వ్యాకరణమే కాక, ఆ భాగం చూసి అభిమానులు ఎందుకు అంతగా వాదించుకున్నారన్న దానికి జవాబు కూడా ఉంది.

ముందుగా ‘పీరియాడిక్’ సంగతి చూద్దాం. సినిమా వార్తల్లో ‘పీరియాడిక్ డ్రామా’, ‘పీరియాడికల్ మూవీ’ అన్న ప్రయోగాలు ఎంత ప్రబలినా అవి పొరపాటే. క్రమమైన వ్యవధిలో మళ్లీ మళ్లీ వచ్చేది పీరియాడిక్. మెండెలీవ్ 1869లో ప్రకటించిన మూలకాల పట్టికను మన పాఠ్యపుస్తకాలు ఆవర్తన పట్టిక అంటున్నది ఆ అర్థంలోనే. వారానికో నెలకో వెలువడే పత్రిక పీరియాడికల్. మీరు చెబుతున్న భాగం ప్రత్యేకతంతా ఆవర్తనం లేకపోవడంలోనే ఉంది: ఆ ధారావాహికలో మిగిలిన కథలన్నీ సెల్‌ఫోన్లు, టాక్సీలు తిరిగే నేటి లండన్‌లో నడిస్తే, ఇది ఒక్కటే గుర్రపు బళ్లు, గ్యాసు దీపాల లండన్‌లోకి వెళ్లింది. ఆంగ్లంలోని అసలు మాట ‘పీరియడ్’ను యథాతథంగా వాడుకుందామన్నా, తెలుగువారికి అది ముందుగా బడిలో పాఠం చెప్పే గంటను గుర్తుకు తెస్తుంది. ఇంత ఇబ్బంది పడవలసిన అవసరమే లేదు. కాలాన్ని పేరు పెట్టి చెప్పి, పక్కన ‘నాటి’ చేర్చడం మన భాషకు అలవాటైన పద్ధతి. కుంఫిణీ కాలం నాటి బంగళా, నిజాం కాలం నాటి కోట, జమీందారీ రోజుల నాటి తగాదా అంటాం. అదే తీరున ‘విక్టోరియా రాణి కాలం నాటి కథ’ అనండి. ఆమె పాలన 1837 నుంచి 1901 వరకు సాగింది కనుక 1895 అందులో చక్కగా ఒదుగుతుంది.

ఇక ‘చారిత్రక’. చరిత్రకు సంబంధించినది చారిత్రకం. చరిత్రలో వాస్తవంగా ఉన్న మనుషులను, జరిగిన ఘటనలను ఆధారం చేసుకున్న రచనకు ఆ విశేషణం తగుతుంది. షెర్లాక్ హోమ్స్ ఆర్థర్ కానన్ డాయిల్ సృష్టించిన డిటెక్టివ్ పాత్ర. ఈ భాగంలో పెళ్లి దుస్తులతో వసారాలోకి వచ్చి, వీధిలోని జనంపై కాల్పులు జరిపి, తనను తాను కాల్చుకున్న తరువాత మళ్లీ కనిపించిన ఎమీలియా రికొలెటీ అనే స్త్రీ కూడా కల్పితమే. 1893లో వెలువడిన ఒక హోమ్స్ కథలో రికొలెటీ భార్యను గురించి డాయిల్ విడిచిన ఒక ముక్కను పట్టుకుని ఈ కథను అల్లారు. కాబట్టి కాలం చరిత్రది, కథ కల్పనది. పీరియాడిక్‌ను తీసివేయడంలో మీ నాన్నగారు సరిగ్గానే చేశారు గాని, దాని స్థానంలో చారిత్రకాన్ని పెట్టడం కుదరదు. పనిలో పనిగా మరొక మాట: చాలామంది రాసే ‘చారిత్రాత్మక’ అన్న రూపం సాధువు కాదు. ‘చారిత్రక’ ఒక మాట, ‘చరిత్రాత్మక’ మరొక మాట. రెండింటినీ కలిపి మూడోది చేయకూడదు.

ఇప్పుడు మీ స్నేహితురాలి అభ్యంతరం. ‘1895లో జరిగిన కథ’, ‘1895లో జరిగినట్టు చూపిన కథ’, ‘1895లో జరిగిందట’ అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిది చెప్పేవాడు ఆ ఘటనకు పూచీ పడుతున్నాడు. మూడోదానిలోని ‘అట’ ఆ పూచీని విన్న నోటిమీదికి నెట్టివేస్తుంది. ‘అనగనగా ఒక రాజు ఉండేవాడట’ అని అమ్మమ్మ మొదలుపెట్టగానే ఆ రాజు ఏ శతాబ్దంవాడని పిల్లలెవరూ అడగకపోవడానికి కారణం ఆ చిన్న ప్రత్యయమే. రెండోదానిలోని ‘అట్టు’, గ్రాంథికంలో ‘అట్లు’, ఈ రెండింటికంటే సూక్ష్మమైన పని చేస్తుంది. ‘వచ్చినట్టున్నాడు’ అంటే ఊహ, ‘నిద్రపోయినట్టు నటించాడు’ అంటే బూటకం, ‘చెప్పినట్టు చేశాడు’ అంటే అనుసరణ. మూడు చోట్లా ఒకటి మరొకదానికి పోలికగా నిలుస్తుంది తప్ప అదే ఇది అని తేల్చడం ఉండదు.

ఆ భాగం నడిచిన తీరుకు ఇది అచ్చంగా సరిపోతుంది. చాలాసేపు ప్రేక్షకుడు దానిని ‘జరిగిన’ కథగానే చూస్తాడు. స్ట్రాండ్ పత్రికలో హోమ్స్ మిత్రుడు వాట్సన్ రాసే కథల్లో తనకు మాటలే ఉండవని ఇంటి యజమానురాలు మిసెస్ హడ్సన్ నొచ్చుకోవడం, శవాగారంలో మోలీ హూపర్ అనే స్త్రీ మీసం పెట్టుకుని మగవేషంలో పని చేయడం వంటివన్నీ ఆ కాలానికి చెందిన సరదాలుగానే కనిపిస్తాయి. తరువాత ఒక్కసారిగా విమానం, అందులో మత్తుమందు అతిగా తీసుకున్న నేటి షెర్లాక్ కనిపిస్తారు. తలలో తుపాకీ గుండు దూరిన అతని బద్ధశత్రువు మోరియార్టీ తిరిగి ఎలా రాగలడన్న చిక్కును విప్పడానికి, నూరేళ్లకు పైబడిన ఒక పాత నేరాన్ని షెర్లాక్ తన మనోమందిరంలో, అంటే జ్ఞాపకాలను దాచుకునే ఊహా భవనంలో, మళ్లీ నడిపించుకుంటున్నాడని అప్పుడు తెలుస్తుంది. అంటే ‘జరిగిన’ అనుకున్నదంతా ‘జరుగుతున్నట్టు ఊహించుకున్నది’గా మారిపోయింది.

అభిమానులు చీలిపోయినది ఎక్కువగా ఈ ఒక్క ప్రత్యయం దగ్గరే. దీన్ని విడి కథగానే చూడవచ్చని నిర్మాతలు ముందుగా చెప్పడంతో, తొలిసారి హోమ్స్‌ను అతని సొంత కాలంలో చూడబోతున్నామని సంబరపడినవారు ‘అట్టు’ ప్రవేశించగానే మోసపోయామనుకున్నారు. 2014 జనవరిలో మూడో విడత మోరియార్టీ ముఖంతో ఆగిపోయాక రెండేళ్లు ఎదురుచూసినవారిలో చాలామందికి మాత్రం ఆ ‘అట్టు’ వల్లనే పాత కథతో లంకె కుదిరిందనిపించింది. చివరి సన్నివేశం చిక్కును ఇంకా బిగించింది. 1895 నాటి హోమ్స్ తానే భవిష్యత్తును ఊహించుకున్నానని వాట్సన్‌తో అని కిటికీ దగ్గర నిలబడితే, బయట నేటి బేకర్ స్ట్రీట్ కనిపిస్తుంది. ఎవరి ఊహలో ఎవరున్నారో, ‘అట్టు’ను ఏ క్రియకు తగిలించాలో తేల్చకుండా కథ ముగిసింది. ఈ ముగింపు నాకు ఎంతో నచ్చింది. అయినా, మొదటి గంటను ప్రేమించి తరువాతి మలుపును తప్పుపట్టినవారి బాధ కూడా నాకు అర్థమవుతుంది.

మరొక ఆక్షేపణ గురించి కూడా మీ వ్యాసంలో రాయవలసి వస్తుంది. కోసుగా ఉన్న ముసుగులు ధరించి గుమికూడిన స్త్రీల రహస్య బృందానికి స్త్రీల కష్టాలను హోమ్స్ వివరించడం చాలామందికి నచ్చలేదు. తమ గోడు తాము చెప్పుకోగల స్త్రీల ఎదుట మగవాడు ఉపన్యసించడమేమిటని అడిగారు. బ్రిటన్‌లో 1918లో గాని, అదీ ముప్పై ఏళ్లు నిండిన కొందరు స్త్రీలకు మాత్రమే, పార్లమెంటు ఎన్నికల్లో ఓటుహక్కు రాలేదని గుర్తుంచుకుంటే ఈ ఆక్షేపణ బరువు తెలుస్తుంది. దీని గురించి రాసేటప్పుడు ‘కాలదోషం’ అన్న మాట వాడకండి. గడువు దాటి చెల్లకుండా పోయిన ప్రోనోటుకు కాలదోషం పట్టిందంటాం. ఒక కాలపు కథలో మరొక కాలపు ధోరణి దూరితే ‘ఆ కాలానికి పొసగనిది’ అనడం స్పష్టంగా ఉంటుంది.

ఇక ‘స్పందన’. సంస్కృత ధాతుపాఠం ‘స్పంద్’ ధాతువుకు కొంచెంగా కదలడమని అర్థం చెప్పింది. కన్ను అదరడం, గుండె కొట్టుకోవడం స్పందనలే. బయటి నుంచి ఏదో తాకినప్పుడు మనసు కదలడం అన్న అర్థం అక్కడి నుంచే వచ్చింది కనుక, ఒకటి తాకిందన్న భావం ఆ మాటలో ముందే ఇమిడి ఉంది. ‘ప్రతి’ని చేర్చడం వల్ల కొత్తగా ఒరిగేదేమీ లేదు. నటులో రచయితలో అభిమానుల మాటలకు తిరిగి బదులిస్తే దానిని ప్రతిస్పందన అనవచ్చు. ‘ప్రతిచర్య’ను న్యూటన్ మూడో నియమానికి వదిలేయడం మేలు. హిందీ నుంచి వార్తల్లోకి దిగుతున్న ‘ప్రతిక్రియ’కు సంస్కృతంలో విరుగుడు, చికిత్స అన్న అర్థాలు ఉన్నాయి కనుక అది అభిమానుల విషయంలో అసలే వద్దు. ‘అభిమాని’ మాత్రం ఇక్కడ ఎంతో అందంగా కుదిరిన మాట. సంస్కృతంలో అభిమానానికి గర్వమని అర్థం ఉంది. మనం ఆత్మాభిమానంలో ఆ అర్థాన్ని కొంత నిలుపుకుని, మరోవైపు ప్రేమ అన్న అర్థాన్నీ కల్పించుకున్నాం. రెండేళ్లు ఎదురుచూసి ‘అంతా ఊహేనా’ అని నొచ్చుకున్నవారి విషయంలో ‘అభిమానం దెబ్బతిన్నది’ అంటే రెండు అర్థాలూ ఒక్కసారే పలుకుతాయి.

మీరు అడగకపోయినా ‘మిశ్రమ’ గురించి కూడా చెప్పాలి. మిశ్రమంలో పదార్థాలు కలిసిపోతాయి. రాగి, తగరం కలిస్తే కంచు. ఒకే మనిషి తొలిభాగాన్ని మెచ్చుకుని మలిభాగాన్ని తప్పుపడితే అతని స్పందన మిశ్రమమే. కొందరు పూర్తిగా మెచ్చి, మరికొందరు పూర్తిగా విసుక్కుంటే అవి భిన్న స్పందనలు. మీరు చదివిన అభిప్రాయాలలో రెండు రకాలూ ఉంటే రెండింటినీ విడదీసి చెప్పండి. ‘మిశ్రమ స్పందన లభించింది’ అన్న పత్రికల మూసలో పెడితే ఎవరు ఏమన్నారో పాఠకుడికి తెలియదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘‘విక్టోరియా రాణి కాలంలో, 1895లో, జరిగినట్టు చూపిన ఈ కథకు అభిమానులు భిన్నంగా స్పందించారు, పాతకాలపు లండన్‌ను చూసి మురిసినవారిలోనే కొందరు, అదంతా నేటి షెర్లాక్ ఊహ అని తెలిశాక నొచ్చుకున్నారు.’’