షాక్ టవర్లు కొయ్యాలా వద్దా?

ప్రశ్న: నా దగ్గర 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు ఉందండీ, 289 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అది మార్చే ఆలోచన లేదు. హైవే మీద స్టీరింగ్ కుదురుగా ఉండదు, మలుపులో ముందు భాగం బయటికి జారిపోతుంది. ముందు సస్పెన్షన్ మొత్తం మార్చే మస్టాంగ్ టూ కిట్ వేసెయ్యమని ఒకరు, కాయిలోవర్లు (స్ప్రింగ్, షాక్ కలిపి ఒకే ముక్కగా వచ్చేవి) చాలని ఇంకొకరు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఇంజిన్ మార్చను అన్నారు కదా, సగం జవాబు మీరే చెప్పేశారు. మస్టాంగ్ టూ కిట్ అంటే 1974-78 చిన్న మస్టాంగ్ డిజైన్, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్‌తో సహా వస్తుంది, కానీ అది వెయ్యాలంటే షాక్ టవర్లు (ఇంజిన్‌కి రెండు పక్కలా స్ప్రింగ్, షాక్ పై కొసల్ని పట్టుకునే రేకు గూళ్ళు) కోసేసి కొత్త క్రాస్‌మెంబర్ (అడ్డ దూలం) వెల్డ్ చెయ్యాలి. ఇప్పుడు మీ కారులో స్ప్రింగ్, చక్రాన్ని పట్టుకునే రెండు ఆర్మ్‌లలో పైదాని మీద కూర్చుని బరువంతా టవర్‌కి ఇస్తోంది, కిట్ వేశాక అదంతా కింద ఫ్రేమ్ రైల్స్ మీద పడుతుంది, అంటే వెల్డింగ్ చేసేవాడి పనితనం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కయోటీ (ఫోర్డ్ ఈ కాలపు వీ8) లాంటి వెడల్పాటి ఇంజిన్ దించేవాళ్ళకి చోటు కావాలి కాబట్టి వాళ్ళు కోసుకుంటారు. మలుపుల కోసమే అయితే నేను టవర్ జోలికి పోను.

ముందు బాల్ జాయింట్లు, బుష్‌లు, స్టీరింగ్ బాక్స్ లూజు చూడండి. కింది ఆర్మ్‌ని ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టే స్ట్రట్ రాడ్ రబ్బర్లు మరీ ముఖ్యం, అవి మెత్తబడితే బ్రేక్ కొట్టినప్పుడల్లా చక్రం వెనక్కి కదులుతుంది. తర్వాత ఎలైన్‌మెంట్. ఫ్యాక్టరీ లెక్కలు అప్పటి పాతరకం బయాస్ ప్లై టైర్లకి, ఇప్పటి రేడియల్స్ వేసుకుని అవే పెట్టించుకుంటే హైవే మీద కారు తేలకేం చేస్తుంది? క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) పాజిటివ్ 3 డిగ్రీల దాకా, క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం) నెగటివ్, అంటే పైభాగం లోపలికి, అర డిగ్రీ అడగండి (పవర్ స్టీరింగ్ లేకపోతే పార్కింగ్‌లో చేతులు నొప్పి పుడతాయి, తిట్టుకోకండి).

ఇక అసలు మందు ఆర్నింగ్ డ్రాప్. ఫోర్డ్ ఇంజినీర్ క్లౌస్ ఆర్నింగ్ ఆలోచన ఇది, మస్టాంగ్ మీదే కట్టిన 1965 షెల్బీ జీటీ350లో వాడారు. పై ఆర్మ్ బిగించే రంధ్రాలు ఒక అంగుళం కిందకి వేస్తారు, అంతే, మలుపులో కారు ఒరిగినా బయటి టైరు రోడ్డుకి బాగా ఆనుతుంది. టెంప్లేట్, డ్రిల్ ఉంటే చాలు. కాయిలోవర్లు దీని తర్వాతే, ఎందుకంటే ఆర్మ్ ఉన్నచోటే ఉంటే అవి ఎత్తు, స్ప్రింగ్ గట్టిదనం, డ్యాంపింగ్ మారుస్తాయి తప్ప క్యాంబర్ గుణం మార్చవు.

ప్రశ్న: జీఎం వాళ్ళ 1970 షెవెల్‌కీ ఈ ఆర్నింగ్ డ్రాపే పనికొస్తుందా?

జవాబు: రాదు. దాని రోగం పొట్టి స్పిండిల్ (చక్రాన్ని మోస్తూ పై, కింది ఆర్మ్‌లని కలిపే ముక్క), చక్రం పైకి లేచినప్పుడు క్యాంబర్ పాజిటివ్‌కి పోతుంది. పొడవాటి స్పిండిల్ గానీ పొడవాటి పై బాల్ జాయింట్ గానీ, దానికి సరిపడే పై ఆర్మ్‌లతో వెయ్యండి. పెద్ద జీఎం కార్ల స్పిండిల్ చవగ్గా దొరుకుతుందని ఆశపడొద్దు, బంప్ స్టీర్ వస్తుంది, అంటే గతుకు పడ్డప్పుడల్లా చక్రం తనంతట తనే తిరుగుతుంది.

ప్రశ్న: 1969 ప్లిమత్ రోడ్ రన్నర్‌కి టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగ్‌లా పనిచేసే కడ్డీలు) తీసేసి కాయిలోవర్లు వెయ్యనా?

జవాబు: హెడర్లకి (ఇంజిన్ నుంచి పొగ తెచ్చే పైపులకి) చోటు కావాలంటే వెయ్యండి. లేదంటే లావుపాటి టార్షన్ బార్లు, మంచి షాకులు చాలు, ఖర్చూ తక్కువ. కాయిలోవర్ వేస్తే బరువు షాక్ పైకొసని పట్టుకునే మౌంట్ మీదకొస్తుంది, అది షాక్‌ని పట్టుకోవడానికి చేసిందే గానీ కారు బరువు మొయ్యడానికి కాదు, ఆ చోటుని గట్టి చేసే ముక్కలు కిట్‌లో లేకపోతే ఆ కిట్ కొనకండి.