చదివినదానికి క్షమాపణ ఎందుకు?

ప్రియమైన మిత్రురాలికి,

నమస్కారం. ఒక నెల పాటు మీరు చదివిన ఆత్మకథలు, ప్రేమ నవలలు, స్త్రీల నవలల గురించి రాసిన వ్యాసం అందింది. దానితో పాటు పంపిన ప్రశ్నల జాబితా కూడా చూశాను. ఆ ప్రశ్నలన్నింటికీ ఈ ఉత్తరంలో జవాబు దొరకదు, ఎందుకంటే మీ వ్యాసంలో రెండో వాక్యం దగ్గరే నాకు మనసు చివుక్కుమంది, ఆ సంగతి తేల్చకుండా మిగతావి మాట్లాడటం నా వల్ల కాలేదు. "ఈ నెల పని ఒత్తిడి వల్ల గంభీరమైన పుస్తకాలేవీ చదవలేకపోయాను, ఎక్కువగా ప్రేమ నవలలే చదివాను, పాఠకులు మన్నించాలి" అని రాశారు. ఏ తప్పు చేశారని మన్నించాలి? రాత్రి పొద్దుపోయేదాకా మేలుకొని ఇష్టంగా చదివిన పుస్తకాన్ని పొద్దున్నే పదిమందిలో ఎరగనట్టు నటించే మనిషి ఆ పుస్తకం గురించి నిజం ఎలా రాయగలదు?

ఆ క్షమాపణ ఒక్క వాక్యంతో ఆగలేదు, వ్యాసం మొత్తాన్నీ అదే నడిపించింది. ఆత్మకథలలో ఉన్నది నిజం కనుక అవి గౌరవనీయమైనవని ముందే నిర్ణయించుకుని వాటికి మూడు పేజీలు ఇచ్చారు. ప్రేమ నవలలకు తలా నాలుగు వరుసల కథాసారాంశం, దాని పక్కన నక్షత్రాలు. స్త్రీల నవలలను "మనసుకు హత్తుకునేవి" అన్న ఒక్క మాటతో సాగనంపారు. చదివిన పుస్తకాలను దొంతరగా పేర్చి, లెక్కపెట్టి, మార్కులు వేసి చూపించే ఈ కొత్త అలవాటు నాకు ఎంతమాత్రం నచ్చదని ఇక్కడే చెప్పేస్తాను. ఎన్ని చదివారన్నది మీకు తప్ప మరొకరికి అక్కరలేని సంగతి. మూడున్నర నక్షత్రాలంటే ఏమిటో వేసినవారికైనా తెలుసునని నేను నమ్మను.

అయినా ఆ నాలుగు వరుసల సారాంశాలలో ఒకచోట మీరు నిజం రాశారు. ఒక నవలలో, మనస్పర్థలతో విడిపోయిన ఇద్దరూ చాలాకాలం తరువాత ఆసుపత్రి వరండాలో ఎదురుపడతారు. ఆమె తండ్రిని పరీక్షలకు తీసుకువచ్చింది. అతడు ఆమెకు ఒక కుర్చీ ఎడంగా కూర్చుని, "మీ టోకెన్ ఎంత?" అని మాత్రం అడుగుతాడు. ఇంతవరకు చెప్పి, "ఈ పేజీ ఎందుకో మళ్లీ మళ్లీ చదివాను" అన్నారు. ఆ వెంటనే చివరికి వాళ్లకు పెళ్లవుతుందని తేల్చి, తరువాతి పుస్తకానికి వెళ్లిపోయారు. అమ్మా, మీ వ్యాసం మొదలు కావలసిన చోటు ఆ "ఎందుకో" అన్న మాట. మీరు దాన్ని దాటి వెళ్లిపోయారు.

జవాబు మీ సారాంశంలోనే ఉంది. అతని తమ్ముడు చిన్నతనంలో ఆసుపత్రిలో చనిపోయాడని, అప్పటి నుంచి అతడు ఆసుపత్రి గడప తొక్కలేదని పై వరుసలో మీరే రాశారు. రచయిత్రి ఆ సంగతి నవల మొదట్లో ఒక్కసారి చెప్పి, మళ్లీ ఎక్కడా ఎత్తకుండా ఉంచిందన్నమాట. వరండాలో అతడు తమ్ముడి పేరు తలవడు, జరిగిన గొడవ ఊసెత్తడు, తాను ఎందుకు వచ్చాడో చెప్పడు. టోకెన్ నంబరు అడుగుతాడు, అంటే వాళ్ల వంతు వచ్చేదాకా తానూ అక్కడే కూర్చోబోతున్నాడు. ఆమెకు అది అర్థమైందో లేదో రచయిత్రి చెప్పలేదు, చదివే మీకు మాత్రం అర్థమైంది, అందుకే పేజీ వెనక్కి తిప్పారు. మధ్యలో వదిలిన ఆ ఖాళీ కుర్చీని కూడా గమనించండి. పక్కనే కూర్చుంటే చొరవ అవుతుంది, ఎదుట కూర్చుంటే తగవు అవుతుంది, అందుకని అతడు కూర్చోవలసిన చోటును రచయిత్రి ఎంతో ఆలోచించి ఎంచుకుంది. ఇంత పని జరిగిన పేజీని కాలక్షేపమని ఎలా అనగలిగారు?

ప్రేమ నవల ముగింపు ముందే తెలిసిపోతుందన్నది దాని మీద అందరూ మోపే మొదటి నేరం. అవును, తెలిసిపోతుంది. ఆ ఇద్దరూ చివరికి ఒకటవుతారన్న హామీ మీదే పాఠకురాలు పుస్తకం తెరుస్తుంది. హంతకుడు దొరుకుతాడన్న హామీ మీదే అపరాధ పరిశోధక నవల తెరుస్తాం, దానికి ఎవరూ క్షమాపణ చెప్పుకోరు. పోతన భాగవతంలో రుక్మిణీ కల్యాణం చదవండి. కృష్ణుడు వస్తాడని తెలియని పాఠకుడు ఆ కాలంలోనూ లేడు, ఈ కాలంలోనూ లేడు. అయినా శిశుపాలుడితో పెళ్లి ముహూర్తం దగ్గరపడుతుంటే, సందేశం తీసుకుపోయిన బ్రాహ్మణుడు అసలు చేరాడో లేదో, దారిలో అలసి ఎక్కడైనా చిక్కుకుపోయాడో, కృష్ణుడు విని తప్పుగా అనుకున్నాడో, ఇప్పటికే వచ్చేశాడో, దైవం అనుకూలిస్తుందో లేదో అని రుక్మిణి ఒక్కొక్క సందేహమే పేర్చుకుంటూ పోతుంటే మనమూ ఊపిరి బిగబడతాం. ముగింపు తెలిసిన కథలో పోతన మన చేత అంతగా ఎదురుచూపించాడంటే, దాచిపెట్టిన ముగింపు మీద ఆధారపడే రచయిత పని దానితో పోలిస్తే ఎంతో తేలికని నాకు అనిపిస్తుంది. ముగింపు ఇచ్చేసిన తరువాత రచయితకు మిగిలేది నడిమి భాగం ఒక్కటే. ఆలస్యం ఎక్కడ చేయాలి, ఏ మాట చెప్పకుండా ఆపాలి, ఏ అపార్థం నమ్మదగినది, ఏది కేవలం కథ సాగదీయడానికి తెచ్చిపెట్టినది అన్న లెక్క అంతా అక్కడే తేలుతుంది. ఒక్క నిమిషం కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం మీద రెండు వందల పేజీలు నడిపిన ప్రేమ నవలలు కోకొల్లలు, వాటిని నిర్దాక్షిణ్యంగా విమర్శించండి. కాని అది పెళ్లితో ముగిసిందని మాత్రం విమర్శించకండి.

ఈ విషయంలో నా పట్టుదలకు కారణం ఉంది. నేను రాయడం మొదలుపెట్టిన 1970లలో వారపత్రికలను నిలబెట్టినవి సీరియల్ నవలలు, వాటిలో పెద్ద పాలు రచయిత్రులవి. యద్దనపూడి సులోచనారాణి నవల కోసం పాఠకులు వారం వారం కాచుకుని ఉండేవారు. రచయిత్రులకు దొరుకుతున్న ఆదరణ చూసి కొందరు మగవారు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఆ రోజుల్లో ఒక సీరియల్‌లోని సంభాషణల మీద, ఎవరు ఎవరి మాటకు అడ్డు వస్తారు, ఎవరు జవాబు చెప్పకుండా లేచి వెళ్లిపోతారు అన్నదాని మీద, నేను ఎంతో శ్రద్ధగా ఒక వ్యాసం రాశాను. ఒక పత్రికా సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ పై అంచున ఎర్రసిరాతో "మధ్యాహ్నపు కాలక్షేపం మీద విమర్శా?" అని రాశాడు. అదే సంపాదకుడు అలాంటి సీరియల్ కోసం రచయిత్రుల ఇళ్లకు మనుషులను పంపుతుండేవాడు. ఆ తరువాత నా కథ ఒకటి ఆయన వేసుకున్నాడు గాని, కథల పుటలలో వేయలేదు. కుట్లు అల్లికలకు, సౌందర్య చిట్కాలకు మధ్య, మహిళల పుటలో వేశాడు. అది ఉద్యోగం పోయిన ఒక గుమాస్తా కథ, అందులో ఆడపాత్ర ఒక్కటి కూడా లేదు. కథ ఏమిటన్నది చూడకుండా, రాసినది ఎవరన్నది చూసి పుట నిర్ణయించారు. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు. మీరు "మన్నించాలి" అని రాసినప్పుడు నాకు ఆ ఎర్రసిరా కనిపించింది. ఆయన అనవలసిన మాటను ఇన్నేళ్ల తరువాత మీ అంతట మీరే మీ మీద రాసుకున్నారు.

స్త్రీల నవలల మీద మీరు రాసిన పేరా ఇందుకు పూర్తిగా ఎదురు దోవ పట్టింది. అన్నీ బాగున్నాయి, అన్నీ హత్తుకున్నాయి, "ఆడవాళ్లు ఆడవాళ్ల గురించి రాశారు కాబట్టి". ఇది కూడా చిన్నచూపే. ఇంగ్లీషు రచయిత్రి మేరీ ఆన్ ఎవాన్స్, జార్జ్ ఎలియట్ అన్న పేరుతో నవలలు రాయడానికి ముందు, 1856లో, కొందరు రచయిత్రుల పేలవమైన నవలల మీద కటువైన వ్యాసం ఒకటి రాసింది. అందులో సమీక్షకులనూ వదిలిపెట్టలేదు. రచయిత్రికి ప్రతిభ బొత్తిగా లేనప్పుడు సమీక్షకుల పొగడ్త ఉడుకెత్తిపోతుందని, ఆమె ఓ మోస్తరుగా రాస్తే ఆ వేడి తగ్గుతుందని, నిజంగా గొప్పగా రాస్తే మంచుగడ్డ అయిపోతుందని ఆమె అన్నది. జాలితో ఇచ్చిన మార్కులు ఏ రచయిత్రికీ అక్కరలేదు. మీరు చెప్పిన వాటిలో ఒక నవలలో తల్లి పాత్ర ప్రతి అధ్యాయంలోనూ ఏడుస్తుందని మీ సారాంశాన్ని బట్టే తెలుస్తున్నది. అది మీకు విసుగు పుట్టించలేదా? పుట్టిస్తే ఎందుకు రాయలేదు? ఇంటి లోపలి సంగతులు రాస్తే స్త్రీల నవల, అవే సంగతులు మగవాడు రాస్తే కుటుంబ జీవిత చిత్రణ అన్న విభజనను పుస్తకాలు అమ్మేవారు తమ సౌకర్యం కోసం పెట్టుకున్నారు. 1991లో ఇంగ్లీషు నవలలకు ఇచ్చే బుకర్ బహుమతి తుది జాబితాలో ఒక్క రచయిత్రి పేరూ లేకపోయేసరికి ఇంగ్లండులో స్త్రీల నవలలకు విడిగా బహుమతి ఉండాలన్న ఆలోచన పుట్టింది, 1996 నుంచి దాన్ని ఇస్తున్నారు. ఆ అవసరం నాకు అర్థమవుతుంది. కాని పుస్తకం తెరిచాక పాఠకురాలిగా మీరు ఏ పుస్తకానికైనా ఒకే తరాజు వాడాలి.

ఇక ఆత్మకథలు. నిజంగా జరిగింది కనుక గొప్పది అన్న మీ వాదం నిలవదు. 2006లో అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయిన ఒక ఆత్మకథలో ముఖ్యమైన ఘట్టాలు కల్పితమని బయటపడింది, అంతకు ముందు దానిని మెచ్చుకున్నవారంతా నిజమని నమ్మే మెచ్చుకున్నారు. నిజం చెప్పడం ఆత్మకథ రాసేవారి కనీస బాధ్యత, దానికి విడిగా మార్కులు ఉండవు. చూడవలసింది మరొకటి ఉంది. అప్పుడు అనుభవించిన మనిషికీ ఇప్పుడు రాస్తున్న మనిషికీ మధ్య ఎంత దూరం ఉంది, ఆ దూరాన్ని రచయిత ఎలా వాడుకున్నారు? కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై ఏళ్లు దాటాక, 2012లో, తన ఆత్మకథ 'నిర్జన వారధి' ప్రచురించారు. భర్త విడిచి వెళ్లడం, కన్నబిడ్డలను పోగొట్టుకోవడం వంటి సంగతులను ఆమె ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పారు. అంత దుఃఖాన్ని అంత తక్కువ మాటలలో చెప్పడానికి ఎంత సాధన కావాలో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. ఆమె ఆపిన మాటలూ, మీ ప్రేమ నవలలో అతడు వరండాలో ఆపిన మాటలూ ఒకే విద్యకు చెందినవని నేను గట్టిగా నమ్ముతాను. మీ వ్యాసంలో ఆ రెండూ వేర్వేరు గదులలో తలుపులు మూసుకుని ఉండిపోయాయి.

"నా జీవితంలో పెద్దగా ఏమీ జరగలేదు, నేను ఆత్మకథ రాయవచ్చా?" అని అడిగారు. 19వ శతాబ్దపు బెంగాల్‌లో రాససుందరీదేవికి పన్నెండో ఏట పెళ్లయింది, ఆ తరువాత ఆమె జీవితం వంటింట్లోనే గడిచింది. ఆడవాళ్లు చదివితే అరిష్టమని నమ్మే రోజులవి. ఆమె చైతన్యుడి జీవితం చెప్పే చైతన్య భాగవతం ప్రతిలోని ఒక పత్రం తీసి వంటింట్లో దాచింది, పెద్దకొడుకు అక్షరాలు దిద్దుకునే తాటాకు ఒకటి తీసి దాని పక్కన పెట్టింది, ఎవరూ చూడనప్పుడు తాటాకు మీది అక్షరాన్ని పత్రం మీద వెతుక్కుంటూ, చిన్నప్పుడు చెవిన పడిన అక్షరాలను గుర్తు చేసుకుంటూ, చదవడం నేర్చుకుంది. బెంగాలీలో తొలి ఆత్మకథగా పేరుపొందిన పుస్తకం ఆమెది. అందులో యుద్ధాలు లేవు, యాత్రలు లేవు, ఒక స్త్రీ దొంగతనంగా అక్షరం నేర్చుకోవడమే అందులోని మహా సంఘటన. మీ జీవితంలో ఏమీ జరగలేదన్న మాట మీ చేత ఎవరు అనిపిస్తున్నారో ఆలోచించుకుని, ఆ తరువాత నిర్ణయించుకోండి.

కలంపేరు గురించి కూడా అడిగారు. జేన్ ఆస్టెన్ తొలి నవల 1811లో వచ్చినప్పుడు దాని మీద ఆమె పేరు లేదు, "ఒక స్త్రీ రచన" అని మాత్రం ఉంది. బ్రాంటీ అక్కచెల్లెళ్లు ముగ్గురూ 1847లో మగపేర్లో ఆడపేర్లో తేలని పేర్లతో నవలలు వేసుకున్నారు. వాళ్లకు ఆ అవసరం ఉంది, దాని కారణమూ చరిత్రలో ఉంది. మీకు ఏ అవసరం ఉందో మీ ఉత్తరంలో లేదు. ఇంట్లో ఇబ్బంది వల్ల అయితే వేరే సంగతి, ప్రేమ నవలల మీద రాశానని తెలుస్తుందన్న బెరుకు వల్ల అయితే మాత్రం నేను ఒప్పుకోను.

వ్యాసాన్ని తిరగరాయండి. మిగతా పుస్తకాలన్నీ తీసేసి, ఆసుపత్రి వరండా ఉన్న నవలనూ, మీరు ఎక్కువ పేజీలు ఇచ్చిన ఆత్మకథనూ మాత్రం ఉంచుకోండి. రెండింటిలో మీరు రెండోసారి చదివిన పేజీలను ముందు పెట్టుకుని, వాటిలో ఎవరు ఏం చెప్పకుండా ఆగారో వివరించండి. కథ చెప్పడం ఎంత తగ్గిస్తే అంత మంచిది. నక్షత్రాలు వద్దు. ఆ ప్రేమ నవల రచయిత్రి పేరు మీ వ్యాసంలో ఎక్కడా లేదు, ఆత్మకథల రచయితల పేర్లు మాత్రం పూర్తిగా ఉన్నాయి. ఈసారి ఆమె పేరు ఇంటిపేరుతో సహా రాసి, వచ్చే నెలలోగా పంపండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి