యార్క్ గోడ మీద ఫొటోకి 6 లక్షల అప్పా?

ప్రశ్న: మాది వరంగల్. నా వయసు 49. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 1.10 లక్షలు. హోమ్ లోన్ ఈఎంఐ 26 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు. ఎఫ్‌డీలో 1.80 లక్షలున్నాయి. 25 లక్షల ఎడ్యుకేషన్ లోన్‌తో మా అమ్మాయి ఇంగ్లండ్‌లోని యార్క్‌లో ఎంఎస్సీ చేసింది. జనవరిలో కాన్వొకేషన్. నేనూ, నా భార్యా వెళ్లి ఆ పాత ఊరంతా తిరిగి మంచి ఫొటోలు దిగాలని కోరిక. విమానం, వీసాలకి 2.20 లక్షలు, హోటళ్లకి 1.30, కెమెరా, లెన్సులకి 1.40, బట్టలు, షాపింగ్, ఫొటోషూట్‌కి 1.10 అవుతాయని లెక్కేశాం. 6 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి, 3 ఏళ్లకి ఇస్తామంటున్నారు. తక్కువపడితే లోన్ యాప్‌లో ఓ 50 వేలు తీసుకుంటాను. మీరేమంటారు?

జవాబు: లోన్ యాప్ మాట ముందు మర్చిపోండి. దాని గురించి చర్చ కూడా అనవసరం.

మీ ఉత్తరంలో హోమ్ లోన్ ఈఎంఐ ఉంది, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ లేదు. ఇంకా మొదలవలేదు కాబట్టి మీ లెక్కలోకి రాలేదు. పిల్లల్ని విదేశాలకి పంపిన తల్లిదండ్రుల్లో చాలామంది చేసే పొరపాటు ఇదే. మారటోరియం, అంటే ఈఎంఐ కట్టక్కర్లేని గడువు, నడిచినన్నాళ్లూ అప్పే లేనట్టు ఉంటుంది. అది అయిపోయాక 25 లక్షలకి 11 శాతం చొప్పున, 10 ఏళ్లకి వేసుకున్నా నెలకి 34 వేలు దాటుతుంది. చదువుకున్న కాలానికి పేరుకున్న వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువ. దానిపైన ఈ పర్సనల్ లోన్ ఈఎంఐ 20,500. మూడూ కలిపితే 80 వేలు. మిగిలిన 30 వేలతో 45 వేల ఇల్లు ఎలా నడుపుతారు? క్రెడిట్ కార్డు గీకుతారు. తర్వాత కథ మీకు తెలియంది కాదు.

అమ్మాయికి ఉద్యోగం వస్తుంది కదా అంటారు. రావాలనే నా కోరిక కూడా. కానీ అందుకు 6 నెలలు పడితే? ఈలోపు మీ ఉద్యోగానికే ఏదైనా అయితే? మీ ఎమర్జెన్సీ ఫండ్‌ను ఇంటి ఖర్చుతో మాత్రమే లెక్కేయకూడదు. ఖర్చు 45 వేలు, రెండు ఈఎంఐలు 60 వేలు, వెరసి నెలకి 1.05 లక్షలు. 6 నెలలకి 6.30 లక్షలు కావాలి. మీ దగ్గరున్నది 1.80. బ్యాంకు ఇస్తానన్న అప్పూ, మీ దగ్గర ఉండాల్సిన నిధీ ఇంచుమించు ఒకే మొత్తం కావడం చూశారా? ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోవద్దు. గోల్డ్ లోన్, పీఎఫ్ విత్‌డ్రా అని కూడా అడగొద్దు, జవాబు ఇదే.

ఇక ఫొటోల సంగతి. యార్క్‌లో బాగా ఫొటోలు పడే చోట్లు చాలావరకు ఉచితం. ఊరి చుట్టూ ఉన్న కోట గోడ సుమారు 3.4 కిలోమీటర్లు, దానిమీద నడవడానికి పైసా ఇవ్వక్కర్లేదు. బూథమ్ బార్ నుంచి మంక్ బార్ దాకా (అక్కడ బార్ అంటే కోట ద్వారం) నడిస్తే యార్క్ మిన్‌స్టర్ చర్చి వెనక భాగం, తోటలూ కనిపిస్తాయి. లెండల్ బ్రిడ్జి వైపు గోడ మీంచి చూస్తే మిన్‌స్టర్ పడమటి గోపురాలు ఇళ్ల కప్పులపైన లేచి ఉంటాయి. షాంబుల్స్ ఒకప్పటి మాంసం దుకాణాల సందు. పై అంతస్తులు రెండువైపుల నుంచీ ముందుకొచ్చి ఒకదాన్నొకటి తాకేలా వంగి ఉంటాయి, కొన్ని షాపుల ముందు మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. పగలు అక్కడ జనం తప్ప ఏమీ పడదు. జనవరిలో ఎనిమిదింపావు దాటాకే తెల్లవారుతుంది, కాబట్టి ఎనిమిదిన్నరకల్లా వెళ్తే చాలు. సెయింట్ మేరీస్ ఆబీ అనే పాత క్రైస్తవ మఠం శిథిలాలున్న మ్యూజియం గార్డెన్స్‌కి టికెట్ లేదు. 1938లో గంటకి 126 మైళ్లతో రికార్డు కొట్టిన మల్లార్డ్ ఆవిరి ఇంజన్ ఉన్న నేషనల్ రైల్వే మ్యూజియమూ ఉచితమే.

మిన్‌స్టర్ లోపలికి టికెట్ ఉంది. 1405, 1408 మధ్య చేసిన తూర్పు కిటికీ రంగుటద్దాల కోసమైనా ఆ ఖర్చు దండగ కాదు. పాత కోట బురుజు క్లిఫర్డ్స్ టవర్‌కీ టికెట్టే. 1190లో యూదులు సామూహికంగా ప్రాణాలు పోగొట్టుకున్న దిబ్బ అది, ఫోజులకి నాకైతే మనసొప్పదు. ఇంకో మాట, జనవరిలో నాలుగు గంటలకే పొద్దు గుంకుతుంది, మంచు గడ్డకడితే గోడ మూసేస్తారు, ఊజ్ నది పొంగితే కింగ్స్ స్టెయిత్ రేవు మునుగుతుంది. ఫొటోల్లో మీరు చూసే గోడవారల పసుపు డాఫోడిల్స్ మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తాయి.

దీనికంతటికీ 1.40 లక్షల కెమెరా ఎందుకు? అమ్మాయి ఫోన్ చాలు. కెమెరా, ఫొటోషూట్, షాపింగ్ కొట్టేస్తే 2.50 లక్షలు అక్కడే తగ్గాయి. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ మొదలవని ఈ నెలల్లో మీకు 39 వేలు మిగలాలి. మీ ఎఫ్‌డీ చూస్తే మిగులుతున్నట్టు లేదు. ఎటు పోతున్నాయో ముందు చూడండి. వాటిని దాచి జనవరికి ఒక్కరే వెళ్లండి, మిగతాది ఎమర్జెన్సీ ఫండ్‌కి వేయండి. ఎవరు వెళ్లాలో మీ ఇద్దరూ తేల్చుకోండి, అందులో నేను తలదూర్చను. అమ్మాయి ఉద్యోగంలో కుదురుకున్నాక డాఫోడిల్స్ పూసే రోజుల్లో ఇద్దరూ వెళ్దురుగాని.

వీసా కోసం బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇస్తారు కదా, అప్లై చేసే ముందు అందులో లోన్ డబ్బు 6 లక్షలు హఠాత్తుగా పడితే ఎక్కడివని అనుమానం వస్తుంది. తిరస్కరిస్తే ఫీజు వెనక్కి రాదు, ఈఎంఐ మాత్రం ఆగదు.

మీ పేరు మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉందో లేదో రాయలేదు. ఇన్ని అప్పులుండగా లేకపోతే ఈ వారమే తీసుకోండి. వెళ్లేవారికి ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ ఆసుపత్రిలో చేరితే అక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ మామూలు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తుంది. మీ కంపెనీ గ్రూప్ పాలసీ అక్కడ పనిచేస్తుందని ధీమాగా ఉండకండి. షుగరో బీపీయో ఉంటే దరఖాస్తులో రాయండి, దాస్తే క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు.