గజ్జలో కొట్టుకునే వాపు: డాప్లర్ తీయించండి

నాన్నగారికి స్ట్రోక్ వచ్చి మెదడులో రక్తపు గడ్డ తీసిన ఐదో రోజు, కుడి గజ్జలో నిమ్మకాయంత వాపు, చెయ్యి పెడితే నాడిలా కొట్టుకుంటోందని రాశారు కదండీ. అది ఉత్తి కమిలిన వాపు కాకపోవచ్చు. గడ్డ తీయడానికి మెదడు దాకా ట్యూబు ఎక్కించిన తొడ ధమనికి (గజ్జ దగ్గరి రక్తనాళం) పడ్డ రంధ్రం సరిగా మూసుకోకపోతే రక్తం బయటికొచ్చి సంచిలా నిలబడుతుంది. సూడోఅన్యూరిజం అంటారు. అరుదే, కానీ పగిలితే ప్రమాదం.

కాపడం, మర్దన వద్దు (మా ఇళ్లలో ముందు అదే చేస్తారు!). ఈరోజే ఆస్పత్రికి వెళ్లి డాప్లర్ స్కాన్ (రక్తం ఎలా పారుతోందో చూపే అల్ట్రాసౌండ్) అడగండి. చిన్నదైతే గమనిస్తూ ఉంటారు, లేదంటే స్కాన్‌లో చూస్తూ త్రాంబిన్ (రక్తం గడ్డకట్టించే మందు) ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి కోత అవసరం రాదు. రక్తం పలచబరిచే మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, మళ్లీ స్ట్రోక్ రావచ్చు.

వాపు ఉన్నట్టుండి పెరిగినా, కాలు చల్లబడినా, రక్తం కారినా 108కి ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే అంబులెన్స్ వచ్చేదాకా అక్కడ గట్టిగా నొక్కి పట్టండి.