ఉద్యోగం సరే, మీ ఆయన సంగతేమిటి?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. తలసీమియా మేజర్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు. మూడు వారాలకోసారి ఖమ్మం నుంచి హైదరాబాద్ తీసుకెళ్లి రక్తం ఎక్కించి తీసుకొస్తాను. మావారు ఎప్పుడూ రారు. ఆడపడుచుకు మేనబావతో సంబంధం అనుకుంటున్నారు. ఆ పెళ్లి అయ్యేదాకా బాబు జబ్బు సంగతి ఎవరికీ చెప్పవద్దని మావారి ఆంక్ష. 'ఇదంతా నీ పుట్టింటి రక్తం' అని అత్తయ్య దెప్పుతుంటారు. ఆఫీసులో ఏదో ఒక అబద్ధం చెప్పి సెలవు పెడుతున్నాను. తిరుగు ప్రయాణంలో బాబు నిద్రపోయాక బస్సులోనే ఏడుస్తాను. ఉద్యోగం మానేయమంటారా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మానవద్దు. ఆ జీతం అవసరం ముందు ముందు ఇంకా పెరుగుతుంది. ఈ ప్రశ్నను ఇక్కడితో వదిలేద్దాం.

అమ్మా, మీ బాధంతా అత్తగారి మాటల చుట్టూ తిరుగుతోంది. నాకు కోపం వచ్చింది మాత్రం మీ ఆయన మీద. బిడ్డకు తలసీమియా మేజర్ రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అందాలి. జబ్బు బయటపడినప్పుడు డాక్టర్లు ఈ మాట మీ ఇద్దరికీ చెప్పకుండా ఉండరు. పెద్దావిడ తెలియక అంటున్నారు. మీ ఆయన అన్నీ తెలిసి అననిస్తున్నారు. నా దృష్టిలో ఇదే పెద్ద తప్పు.

ఇక ఆ రహస్యం. చెల్లెలి మేలు కోరే దాస్తున్నానని ఆయన అనుకుంటున్నారేమో. ఆయనలో ఆ జన్యువు ఉందంటే అది మీ అత్తమామల్లో ఒకరి నుంచి వచ్చినదే. చెల్లెలికీ ఉండే అవకాశం సగానికి సగం. ఉన్నా ఆ పిల్ల ఆరోగ్యానికి ఢోకా లేదు, మహా అయితే కాస్త రక్తహీనత. కానీ మేనబావకూ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు. మేనరికంలో ఒకే జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ. పెళ్లికి ముందే ఇద్దరికీ హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది. ఒక్కరికే ఉంటే పుట్టే పిల్లలకు మేజర్ రాదు, పెళ్లికీ అడ్డు లేదు. ఈ ఒక్క మాట చెల్లెలికి చెప్పని అన్న ఏం అన్న?

మిమ్మల్ని ఒంటరిని చేసిందీ ఆ రహస్యమే. తెలియని చుట్టాలు రక్తం ఇవ్వడానికి ఎలా వస్తారు? ఆఫీసులో పై అధికారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో తలసీమియా కూడా ఉంది, బాబుకు ధ్రువపత్రం తీసుకోండి. రక్తం ఎక్కించే చోట పక్క మంచం దగ్గర కూర్చున్న తల్లితో మాట కలపండి. హైదరాబాద్‌లో 1998 నుంచి ఈ పిల్లల కోసమే పనిచేస్తున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది, అక్కడ మీలాంటి తల్లులు ఎందరో కలుస్తారు.

వచ్చేసారి బాబును మీ ఆయన తీసుకెళ్లాలి. సూది గుచ్చేటప్పుడు ఆ చెయ్యి ఆయన పట్టుకోవాలి. పదే పదే రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించే మందు రోజూ ఆయనే వేయాలి. కన్నతండ్రి చేసే ఈ పనిని సాయం అని మీరు కూడా అనవద్దు. చెల్లెలికి చెప్పడానికి ఆయనకు వారం గడువు ఇవ్వండి. ఆలోగా చెప్పకపోతే ఆ పిల్లను కూర్చోబెట్టి మీరే చెప్పండి. ఆయన అనుమతి అడగవద్దు.