నల్లమలలో మొక్కల సేకరణ: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఎమ్మెస్సీ బోటనీ చేసి, మొక్కల వర్గీకరణలో పరిశోధన చేస్తానంటోంది. ఏప్రిల్‌లో కాలేజీ తరఫున నల్లమలకు వెళ్లి, ఒళ్లంతా పిడుదు కాట్లతో, వడదెబ్బతో తిరిగి వచ్చింది. ఈ ఎండలూ పురుగులూ లేని బయోటెక్నాలజీయే మేలని మా ఉద్దేశం. రెండింటినీ పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, ప్రకాశం జిల్లా)

జవాబు: ఇలాంటి ఉత్తరాలు ఏటా వేసవి తర్వాత వస్తూనే ఉంటాయి. పైకి పిడుదులు, దోమలు అని రాసినా, అడవుల వెంట తిరిగే చదువుకు ఉద్యోగం వస్తుందా, అలా తిరిగే ఆడపిల్లకు సంబంధాలు కుదురుతాయా అన్నదే అసలు దిగులు.

ముందుగా ఆరోగ్యం. ఈ పనిలో ప్రమాదం లేదని నేను అనను. పిడుదుల కంటే నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది స్క్రబ్ టైఫస్ గురించి; కంటికి ఆనని మైట్ అనే పురుగు పిల్లలు కుడితే వచ్చే ఈ జ్వరంలో, కొందరికి కుట్టిన చోట కాలినట్టు నల్లటి చెక్కు కడుతుంది. వెళ్లివచ్చిన మూడు వారాల లోపు జ్వరం వస్తే అడవికి వెళ్లిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. తొలి దశలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగే జబ్బు ఇది. ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దోపుకోవాలి, బసకు రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి.

అంత ఎండలో ఎందుకు వెళ్లాలంటే, మోదుగ, కొండగోగు వంటివి ఆకు రాల్చి పూసేది ఎండాకాలపు అడవిలోనే. పువ్వు లేని కొమ్మతో చాలా జాతులను కచ్చితంగా గుర్తించలేము. తెల్లవారుతూనే బయలుదేరి ఎండ ముదరకముందే నీడకు చేరితే, మధ్యాహ్నమంతా కూర్చుని చేసే పనే ఉంటుంది. కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య, ఒకటి రెండు ఆకుల అడుగుభాగం పైకి కనిపించేలా పరచి, మొక్కలను అదిమి ఆరబెట్టే ప్రెస్సులో బిగించాలి. ఎండితే మారిపోయే పువ్వు రంగు, తుంచినప్పుడు కారిన పాలు, వాసన, చెట్టు ఎత్తు, సేకరించిన చోటు అక్కడికక్కడే నోటుబుక్కులో రాయాలి. ఆ రాత లేని నమూనా ఎండుగడ్డితో సమానం.

బయోటెక్నాలజీ మీద నాకు చాలాకాలంగా అనుమానాలున్నాయి. పేరు చూసి చేర్పించే తల్లిదండ్రులు, ఆ కాలేజీలో డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్ యంత్రం మీద పిల్లలు స్వయంగా పనిచేస్తారా, దూరం నుంచి చూసి రికార్డు రాస్తారా అని విచారించరు. బయోటెక్, ఫార్మా కంపెనీలున్న హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ దగ్గరే కదా అంటారు. అక్కడి పరిశోధన కొలువులకు పీహెచ్‌డీలు, నాణ్యతా పరీక్షల కొలువులకు ఫార్మసీ, కెమిస్ట్రీ వాళ్లు పోటీకి వస్తారు. ఇష్టంతో, మంచి ల్యాబులో చదివినవారికి అది గొప్ప విద్యే. కానీ ఇంట్లోవాళ్ల మాట కాదనలేక చేరి, చేతిపని రాని పట్టాతో నా ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న పిల్లలను చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. పైగా డీఎన్ఏ బార్‌కోడింగ్‌తో, అంటే డీఎన్ఏలోని చిన్న ముక్కను చదివి, మొక్కను గుర్తించాలన్నా, సరిపోల్చడానికి ఎవరో అడవికి వెళ్లి తెచ్చి, పేరు నిర్ధారించిన నమూనా హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల భాండాగారంలో) ఉండాలి.

బోటనీలో దారులు ఇరుకే, మూసుకుపోలేదు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) సాధిస్తే, 2023 జనవరి నుంచి వర్తించేలా పెంచిన ప్రకారం, నెలకు రూ.37,000 వస్తుంది. పర్యావరణ అనుమతుల అధ్యయనాలకు మొక్కలను గుర్తుపట్టేవారు కావాలి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు బోటనీ పట్టా అర్హతే. దానికి మహిళలు 4 గంటల్లో 14 కిలోమీటర్లు నడిచి చూపాలి.

మీ ఉత్తరంలో కాట్ల సంగతి ఉంది గానీ, అమ్మాయి ఏ మొక్క తెచ్చిందో, అక్కడ ఏమి చూసిందో ఒక్క మాటైనా లేదు. అంత బాధపడి వచ్చి కూడా ఇదే చదువుతానంటున్న పిల్లను ఎందుకని అడిగారా? ఇంకా రాని సంబంధాల కోసం ఆమె చదువును మార్చడం అన్యాయమండీ.

మీరు నిలదీయవలసింది విశ్వవిద్యాలయ శాఖను. అటవీశాఖ అనుమతి తీసుకుంటారా, బృందంతో మహిళా అధ్యాపకులు వెళతారా, దారి తెలిసిన చెంచులు తోడుంటారా, రాత్రి బస ఎక్కడ, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం అని అడగండి. వీటికి సరైన జవాబులు రాకపోతే మరో విశ్వవిద్యాలయం చూడండి. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో మంచి హెర్బేరియం ఉంది, అమ్మాయితో కలిసి మీరూ వెళ్లి చూసి రండి.