పంటి ఇంప్లాంట్ (పోయిన పన్ను చోట ఎముకలో బిగించే స్క్రూ) కోసం మన ఎముకే తీసి దవడకి పెడతారట, ఎక్కడ్నుంచి తీస్తారు?

ఎక్కువగా నోట్లోంచే అండి, భయపడకండి. పన్ను తీసేశాక అక్కడి ఎముకకి పని ఉండదు కదా, అందుకే కరగడం మొదలెడుతుంది, మొదటి ఏడాదిలోనే వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు, ఇంక ఇంప్లాంట్ స్క్రూ బిగించడానికి చోటెక్కడిది?

ఒకటి రెండు పళ్ళకైతే కింది దవడ వెనకాల జ్ఞానదంతం ఉండే చోటు నుంచో, గడ్డం నుంచో చిన్న ముక్క తీసి, టైటానియం స్క్రూలతో బిగిస్తారు. గడ్డం దగ్గర తీస్తే కింది ముందు పళ్ళు కొన్నాళ్ళు మొద్దుబారినట్టు ఉంటాయి, ఒక్కోసారి అది పూర్తిగా పోదు కూడా, అందుకే వీలైతే వెనక నుంచి తీయడమే నయం అనిపిస్తుంది నాకు. దవడ మొత్తం కట్టాలంటే మాత్రం తుంటి ఎముకే, దానికి ఫుల్ మత్తు ఇస్తారు, కొన్ని వారాలు నడవడం కష్టంగా ఉంటుంది, పైగా అలా దవడకి పెట్టిన ఎముక కొంత కరిగిపోతుంది కూడా.

ఆవు ఎముక నుంచి చేసిన పొడులు ఉండగా ఇంత అవస్థ ఎందుకంటే, మన ఎముకలో బతికున్న కణాలుంటాయి, కొత్త ఎముకని అవే తయారుచేస్తాయి, పొడి అయితే ఎముక పెరగడానికి ఆసరా ఇస్తుందంతే. చిన్న గ్యాప్‌లకి పొడి చాలు, చాలామంది రెండూ కలిపి కూడా వాడతారు.

అతుక్కోడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది, ఆ తర్వాతే ఇంప్లాంట్. సిగరెట్ మానకపోతే, షుగర్ కంట్రోల్‌లో లేకపోతే ఫెయిలయ్యే ఛాన్స్ ఎక్కువ. ఎముకలు గుల్లబారడానికి (ఆస్టియోపోరోసిస్‌కి) మందులేమైనా వాడుతుంటే ముందే డాక్టర్‌కి చెప్పండి.